పర్షియన్ నీలి పాత్రల ఎంపిక: చైనా పోలికను ఎంతవరకు చూడాలి?

పాత వస్తువుల వేలాల్లో ‘పర్షియన్ నీలి తెలుపు పాత్ర’ అన్న ఒక్క పేరు కింద, పదిహేనో శతాబ్దం నుంచి పంతొమ్మిదో శతాబ్దం వరకు పర్షియాలో, అంటే నేటి ఇరాన్‌లో, తబ్రీజ్ మొదలుకొని కిర్మాన్ దాకా తయారైన, ఒకదానితో ఒకటి పొంతన లేని వస్తువులెన్నో అమ్ముడవుతూ ఉంటాయి. వాటిలో మొదటిసారి ఒకటి కొనదలచినవారు, చైనా పాత్రకు ఎంత దగ్గరగా ఉంటే అంత గొప్పదన్న కొలతతో ఎంపిక చేస్తారు. ఆ కొలత తప్పని నా అభిప్రాయం. చైనా పనితనమే ముఖ్యమనుకునేవారికి చైనా పాత్రలు బజారులో కావలసినన్ని దొరుకుతాయి. చూసి గీస్తున్న పర్షియన్ చేయి ఎక్కడ మూలాన్ని వదిలి తన దారి పట్టిందో ఆ చోటు కోసమే పర్షియన్ పాత్రను కొనాలి. కింది పోలికలన్నీ ఆ దృష్టితో చేసినవే.

అనుకరణ అన్న మాట వినగానే పర్షియాను కేవలం రుణగ్రస్తురాలిగా చూడనక్కరలేదు. తెల్లని పాత్ర మీద కోబాల్టు నీలంతో గీయడం తొమ్మిదో శతాబ్దంలోనే ఇరాక్‌లోని బస్రా కుమ్మరులు చేశారు. వారు ముందు పెట్టుకున్నది చైనా తెల్ల పాత్రలను. పద్నాలుగో శతాబ్దంలో చైనాలోని జింగ్‌దెజెన్ బట్టీలు నీలి పాత్రలు చేయడం మొదలుపెట్టినప్పుడు వాడిన కోబాల్టు ఇరాన్ వైపు నుంచి వెళ్లినదని పండితులు భావిస్తారు. 1351 నాటి తేదీ రాసి ఉన్న జంట కూజాలు ఆ తొలి దశకు ప్రసిద్ధమైన సాక్ష్యం. అవి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాత జింగ్‌దెజెన్ పాత్రలు పర్షియాకు వచ్చి, అక్కడి కుమ్మరుల చేత మళ్లీ అనుకరించబడ్డాయి. రంగు అటు వెళ్లింది, రూపం ఇటు వచ్చింది.

ఎంపికలో మొదట తెలుసుకోవలసినది బొమ్మ గురించి కాదు, పాత్ర దేనితో చేశారన్న దాని గురించి. చైనా పింగాణీకి కావలసిన తెల్లబంకమన్ను, దాన్ని దాదాపు 1300 డిగ్రీల వేడిలో కాల్చగల బట్టీలు పర్షియాలో లేవు. అందుకని అక్కడివారు పలుగురాతి పొడితో ఒక ముద్ద తయారుచేసుకున్నారు. ఇరాన్‌లోని కాషాన్ ఊరి కుమ్మరుల కుటుంబానికి చెందిన అబుల్ ఖాసిం 1301లో రాసిన వివరాల ప్రకారం, పది పాళ్ల పలుగుపొడికి ఒక పాలు గాజుపొడి, ఒక పాలు తెల్లమట్టి కలిపేవారు. పలుగురాతికి వారు పెట్టుకున్న పేరు ‘చక్కెర రాయి’. ఆ పేరు ఎంత సరైనదో పెచ్చు ఊడిన పర్షియన్ పాత్రను చూసినవారికి తెలుస్తుంది: విరిగిన చోట తెల్లగా, పొడిపొడిగా, కలకండ ముక్కను కొరికినట్టు ఉంటుంది. చైనా పింగాణీ విరిగితే ఆ అంచు గాజులా నున్నగా, పదునుగా ఉంటుంది. హాలెండ్‌లోని డెల్ఫ్ట్ నీలి పాత్ర పెచ్చు ఊడితే లోపల పసుపు ఛాయ మట్టి కనిపిస్తుంది. ఈ ఒక్క పరీక్షతో మూడు దేశాల వస్తువులను వేరు చేయవచ్చు.

మిగిలిన తేడాలన్నీ ఈ ముద్ద నుంచి పుట్టినవే. పర్షియన్ పాత్రను వేలితో మీటితే ఖంగుమనదు, మొద్దుగా పలుకుతుంది. దీపానికి అడ్డంగా పట్టుకుంటే చాలా వాటిలో వెలుగు కనిపించదు. గాజు పూత దళసరిగా ఉండి, అడుగుచుట్టు (పాత్ర నిలబడే అడుగు వలయం) దగ్గర చేరిన చోట కొంచెం ఆకుపచ్చగానో నీలంగానో కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కరిగిన ఆ పూతలో కోబాల్టు నీలం నిలకడగా ఉండక అంచుల దగ్గర పాకుతుంది, తడి కాగితం మీద సిరాచుక్క పడ్డట్టు. చైనా చిత్రకారుడి సన్నని గీతను పర్షియన్ చిత్రకారుడు గీయలేకపోవడానికి చేతగానితనం కారణం కాదు, బట్టీలో జరిగే ఈ పనే కారణం.

కొనేవారి ముందు నిలిచే మొదటి పెద్ద ఎంపిక, పదిహేడో శతాబ్దపు పర్షియన్ పళ్ళెమా లేక అదే కాలంలో చైనా ఎగుమతి కోసం చేసిన ‘క్రాక్’ పళ్ళెమా అన్నది. మింగ్ చక్రవర్తి వాన్‌లీ కాలంలో (1573–1620) మొదలైన క్రాక్ పాత్రలకు అంచు చుట్టూ గళ్లు గళ్లుగా విడదీసిన అలంకరణ ఉంటుంది. అవి లక్షల సంఖ్యలో తయారై ఓడలకెక్కాయి. 1613లో సెయింట్ హెలెనా దగ్గర మునిగిన ‘విట్టె లేవ్’ అనే డచ్చి ఓడలో ఇవి పెద్ద సంఖ్యలో దొరకడం వల్ల, ఏ రకం ఏ కాలానిదో నిర్ధారించడం తేలికైంది. కాబట్టి ఖచ్చితమైన కాలనిర్ణయం, గట్టిదనం, నీటికి చెక్కుచెదరని స్వభావం కావాలనుకునేవారికి క్రాక్ పళ్ళెమే మేలు. మధ్యలో జింక, బండరాయి మీద పక్షి, అంచున పండ్లు, పూలు, శుభచిహ్నాలు: పదింటిని చూసినవారు పదకొండోదాన్ని ఊహించగలరు. నాకు అవి విసుగు పుట్టించే చోటు అదే.

పర్షియన్ కుమ్మరులకు ఈ నమూనాలు ఎక్కడివన్న ప్రశ్నకు సమాధానం వారి రాజుల ఇళ్లలోనే ఉంది. పర్షియాను పాలించిన సఫవీ వంశపు రాజు షా అబ్బాస్ 1611 ప్రాంతంలో అర్దబీల్‌లోని తన వంశమూలపురుషుడి దర్గాకు 1,100కు పైగా చైనా పాత్రలను సమర్పించాడు. వాటిలో దాదాపు 800 నేటికీ మిగిలి ఉన్నాయి, ఎక్కువ భాగం టెహ్రాన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. ఇక బజారు నమూనాలు బందర్ అబ్బాస్ రేవు ద్వారా వచ్చేవి. 1644లో మింగ్ వంశం కూలి, జింగ్‌దెజెన్ నుంచి సరుకు రావడం కష్టమైనప్పుడు డచ్చి ఈస్టిండియా కంపెనీ పర్షియన్ పాత్రల వైపు తిరిగింది. ఐరోపావారు ఆ రేవును గాంబ్రూన్ అనేవారు. కంపెనీ 1623లో అక్కడ స్థావరం పెట్టుకున్నది, అంతకు ముందే 1605–06లో మన మచిలీపట్నంలో పెట్టుకున్నది. ఈ రెండు రేవుల మధ్య ఓడలు తరచుగా తిరిగేవి. గోల్కొండలో స్థిరపడిన పర్షియన్ వర్తకులకు అది ఇంటిదారి. డచ్చివారు పర్షియన్ పాత్రలను చైనా పాత్రలతో కలిపి అమ్ముతున్నారని ఫ్రెంచి యాత్రికుడు షార్దేన్ రాశాడు. నాటి కొనుగోలుదారులే మోసపోయినప్పుడు, వేలం జాబితాలో నేటికీ ఒకదాని పేరు మరొకదానికి తగిలించడంలో ఆశ్చర్యం లేదు.

పదిహేడో శతాబ్దపు పర్షియన్ పాత్రల్లో రెండో ఎంపిక కిర్మానా, మషద్‌దా అన్నది. నీలం బొమ్మ చుట్టూ నల్లని గీత ఉంటే మషద్, గీత లేకుండా నీలం మాత్రమే మెత్తగా పరుచుకుంటే కిర్మాన్ అన్న విభజనను ఇరవయ్యో శతాబ్దపు మధ్యలో ఆంగ్ల పండితుడు ఆర్థర్ లేన్ ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత పాత్రల ముద్దను సూక్ష్మదర్శినిలో పరిశీలించినవారు ఈ హద్దు అంత గట్టిది కాదని చూపించారు. కాబట్టి ఊరి పేరు చూసి ఎక్కువ ధర ఇవ్వడం అనవసరం. గీతను గీతగానే చూసి ఎంచుకోవాలి. నల్లరంగు పూతలో పాకదు గనుక అది నీలానికి గట్టు కట్టినట్టు పనిచేస్తుంది. ఫలితంగా నల్లగీత ఉన్న పాత్రల్లో బొమ్మ స్పష్టంగా, కొంత బిగువుగా ఉంటుంది. దూరం నుంచి, గోడ మీద లేదా ఎత్తైన అరలో చూడడానికి ఇవే బాగుంటాయి. గీత లేని కిర్మాన్ రకం చేతిలోకి తీసుకుని చూడవలసినది. దాని అందం నీలపు ముదురు, లేత ఛాయలు ఒకదానిలోకి ఒకటి జారడంలో ఉంటుంది.

నా దగ్గర ఉన్న చిన్న పళ్ళెం ఈ రెండో రకానిది. ఇరవై రెండు సెంటీమీటర్ల వెడల్పు, అంచున రెండు పెచ్చులు, మధ్య నుంచి అంచుదాకా సాగిన ఒక బీట. బొమ్మ క్రాక్ పళ్ళెం నుంచి తీసుకున్నదే: బండరాయి, దాని మీద పక్షి, పక్కన పూలగుత్తి. అయితే గీసిన మనిషికి ఆ బండరాయి బండరాయని తెలిసినట్టు లేదు. అతని చేతిలో అది మబ్బు అయింది. పక్షి కాళ్లు ఆ మబ్బుకు వేలెడు పైన గాలిలో ఆగిపోయాయి. అంచు గళ్లలో చైనావాడు వేసిన శుభచిహ్నాల చుట్టూ ఉండే రిబ్బన్లు మిగిలాయి గాని, మధ్యలో చిహ్నం మాత్రం లేదు. దాని చోట మూడు చుక్కలు పెట్టి వదిలేశాడు. వెనక్కి తిప్పితే అడుగున, చైనా ముద్రాక్షరాలను చూసి వేసిన గుర్తు ఉంది: ఒక ముడి, దాని నుంచి కిందికి వేలాడే నాలుగు గీతలు. కుచ్చులా ఉంటుంది గనుక దీన్ని సేకర్తలు కుచ్చు గుర్తు అంటారు, ఇది కిర్మాన్ పాత్రలకు పరిచితమైన ఆనవాలు. పూత లేని అడుగుచుట్టును బొటనవేలితో రుద్దితే సన్నని తెల్లపొడి అంటుతుంది. చైనా పాత్రతో పోల్చి తప్పులు వెతికేవారికి ఇందులో అరడజను తప్పులు కనిపిస్తాయి. నేను కొన్నది ఆ అరడజను కోసమే.

వీటికంటే ముందు కాలపువి కుబాచీ పాత్రలు. కుబాచీ అన్నది కాకసస్ పర్వతాల్లో, దాగెస్తాన్‌లో ఉన్న ఒక ఊరు. ఆయుధాల తయారీకి పేరుపడిన ఆ ఊరివారు తమ ఇళ్ల గోడలకు ఈ పళ్ళేలను వరుసగా తగిలించుకోవడం వల్ల ఆ పేరు వచ్చిందే తప్ప, అవి అక్కడ తయారు కాలేదు. తబ్రీజ్, నిషాపూర్, మషద్ వంటి చోట్ల తయారై అక్కడికి చేరాయి. పదిహేనో శతాబ్దం చివరి నుంచి పదిహేడో శతాబ్దం దాకా వీటి కాలం. ఎండిన చెరువు నేలలా పూత నిండా నెర్రెలు, ఆ నెర్రెల్లో దిగిన గోధుమరంగు మరక, తాడు దూర్చడానికి అడుగుచుట్టులో పొడిచిన రంధ్రాలు వీటి గుర్తులు. మరక చూసి పాడైపోయిందనుకుని వదిలేసేవారు ఉంటారు, ఆ మరకను బ్లీచింగు చేసి తెల్లగా మార్చి అమ్మేవారూ ఉంటారు. నా సలహా రెండింటికీ ఎదురు: మరక ఉన్నదాన్నే కొనండి. తెల్లబడిన కుబాచీ పళ్ళెం ముందున్నప్పుడు దాని మీద ఇంకేమి పని జరిగిందోనన్న అనుమానం తప్పదు. కిర్మాన్ పళ్ళెంతో పోలిస్తే కుబాచీ బొమ్మలు మొరటుగా, వేగంగా ఉంటాయి. ధర మాత్రం మంచి నమూనాలకు తరచుగా ఎక్కువే పలుకుతుంది.

ఇంకా వెనక్కి, తైమూరు వంశపు కాలం దాకా వెళ్లాలనుకోవడం మామూలు కొనుగోలుదారుకు పని లేని ఆలోచన. 878 హిజ్రీలో, అంటే 1473–74లో, మషద్‌లో చేసినట్టు రాసి ఉన్న పళ్ళెం ఒకటి సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. అటువంటివి చూసి కళ్లు తర్ఫీదు చేసుకోవడానికే. గాంబ్రూన్ పేరుతో పిలిచే పలుచని తెల్ల గిన్నెల సంగతి వేరు. వాటి గోడల్లో రంధ్రాలు పొడిచి పూతతో నింపడం వల్ల వెలుగు చుక్కలుగా కనిపిస్తుంది. నీలం అక్కడక్కడ ఒకటి రెండు గీతలే. అవి ముచ్చటైనవే గాని, నీలి చిత్రం కోసం వెతికేవారికి అక్కడ చూసేందుకు ఎక్కువ ఉండదు.

అసలు తర్జనభర్జన పదిహేడో శతాబ్దపు పగిలిన పాత్రకూ పంతొమ్మిదో శతాబ్దపు చెక్కుచెదరని పాత్రకూ మధ్య. 1722లో అఫ్ఘన్ల చేతిలో రాజధాని ఇస్ఫహాన్ పడిపోయి సఫవీ పాలన కూలిన తర్వాత పాత్రల పరిశ్రమ బాగా దెబ్బతిన్నది. ఖాజార్ రాజుల కాలంలో, అంటే పంతొమ్మిదో శతాబ్దంలో, మళ్లీ నీలి పాత్రలు చేశారు గాని ముద్ద ముతకబడింది, నీలం ఎక్కువగా పారింది, విదేశీ పాత్రలు చవకగా దిగుమతి కావడం వల్ల మంచి పనివాళ్లకు ఆదరణ తగ్గింది. ఆ కాలంలోనూ ఇస్ఫహాన్‌కు చెందిన అలీ మహమ్మద్ వంటి నిపుణుడు ఉన్నాడు, 1888లో పలకలు, కూజాలు చేసే పద్ధతిని అతను వివరించగా స్కాట్లండ్‌లో అచ్చయింది. అటువంటివారి పని అరుదు. ఒకే ధరకు రెండూ దొరికినప్పుడు నేను పగిలిన కిర్మాన్ పళ్ళేన్నే ఎంచుకుంటాను. ఇంట్లో పిల్లలు తిరిగే చోట పెట్టడానికి, బహుమతిగా ఇవ్వడానికి మాత్రం ఖాజార్ గిన్నె సరిపోతుంది. దాన్ని పదిహేడో శతాబ్దపు ధరకు కొనకపోతే చాలు.

ఖాజార్ పాత్రల్లో కొన్నిటి మీద హిజ్రీ సంవత్సరం రాసి ఉంటుంది. ఆ అంకెను 0.97తో హెచ్చవేసి 622 కలిపితే మన సంవత్సరం వస్తుంది: 1262 అంటే 1846. తేదీ కనిపించగానే ధర పెరుగుతుంది గనుక తేదీని తర్వాత చేర్చేవారు లేకపోలేదు. అసలు రాత పూత కిందే ఉండి, దాని అంచులు కూడా బొమ్మలోని నీలంలాగే కొంచెం పాకి ఉండాలి. పూత మీద తేలినట్టు, గీతలు పదునుగా ఉంటే అది కొత్త చేతి పనే.

మరమ్మతుల విషయంలో నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. మొదట్లో ఒక దుకాణంలో ‘అంచు కూడా దెబ్బతినని’ కిర్మాన్ గిన్నె అన్నది కొన్నాను. ఇంటికి తెచ్చాక అతినీలలోహిత టార్చి వేసి చూస్తే, అంచులో మూడో వంతు మిగతా గిన్నెకు భిన్నంగా పాలిపోయి మెరిసింది. అంత భాగమూ కొత్తగా పూడ్చి, రంగు వేసి, వార్నిషు పూసినదే. ముందు పంటికి తాకించి చూసినా తెలిసేది: గాజు పూత చల్లగా, గట్టిగా తగులుతుంది, వార్నిషు మెత్తగా తగులుతుంది. అప్పటి నుంచి దాచిన మరమ్మతు కంటే దాచని మరమ్మతునే నమ్ముతున్నాను. ఇరాన్‌లో ఊరూరా తిరుగుతూ పగిలిన పాత్రలకు రంధ్రాలు పొడిచి లోహపు కుట్లు వేసేవారిని ‘చీనీ బంద్‌జన్’ అనేవారు, మన వీధుల్లో కళాయి వేసేవాళ్లు తిరిగినట్టే. అటువంటి కుట్లు ఉన్న పళ్ళెం, ఒకప్పుడు ఎవరో దాన్ని పారేయడానికి మనసొప్పక డబ్బిచ్చి బాగుచేయించుకున్నారని చెబుతుంది. వేలంలో కుట్లు కనిపిస్తే ధర తగ్గుతుంది, అది కొనేవారికి లాభమే. ఆ కుట్లను పీకించి కొత్తగా పూడ్పించకండి.

కాగితాల పరీక్ష పాత్ర పరీక్షంత అవసరం. ఇరాన్ 1930 నుంచే పురావస్తువుల చట్టం అమలు చేస్తున్న దేశం. తవ్వకాల సరుకు బజారులోకి రాకుండా దేశాల మధ్య 1970 నాటి యునెస్కో ఒప్పందం ఉంది. అందుచేత పాత వేలం బిల్లు, పాత సేకరణ చీటీ వంటి ఆధారం ఏదైనా అడిగి తీసుకోవాలి, ‘ఒక పాత కుటుంబం నుంచి వచ్చింది’ అన్న నోటిమాట చాలదు. విదేశాల్లో కొని ఇంటికి తెచ్చుకునే మనవాళ్లు 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టాన్ని గుర్తుంచుకోవాలి: వందేళ్లు దాటిన చారిత్రక వస్తువును భారతదేశం నుంచి బయటికి పంపే హక్కు సాధారణ వ్యక్తులకు లేదు. అమెరికా నుంచి హైదరాబాదుకు తెచ్చిన పళ్ళెం తిరుగు ప్రయాణంలో వెంట రాదనుకునే కొనాలి.

కొనడానికి ముందు కళ్లకు పని చెప్పాలంటే, లండన్‌లో ఉన్నవారికి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఉంది; బ్రిటిష్ టెలిగ్రాఫ్ అధికారి రాబర్ట్ మర్డాక్ స్మిత్ 1870లలో ఇరాన్‌లో సేకరించి పంపిన పాత్రలు అక్కడ ఉన్నాయి. హైదరాబాదువారు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా నీలి పాత్రలను తీరికగా చూసి, ఆపైన పాతబస్తీలోని బాద్‌షాహీ అషుర్ఖానాకు వెళ్లాలి. దాని గోడల మీద 1611 నాటికి పూర్తయిన పలకల పని పర్షియన్ పద్ధతిలోది; అటువంటి పలకను పర్షియన్‌లో ‘కాషీ’ అనడం కాషాన్ పేరు మీదనే. అక్కడ ఉన్నది నీలి తెలుపు పాత్రల చిత్రణ కాదు. అయినా గాజు పూతలో పర్షియన్ నీలం ఎలా మెరుస్తుందో, చైనా నీలం కంటే ఎంత తడిగా కనిపిస్తుందో గంట తేడాలో పక్కపక్కన పోల్చుకునే అవకాశం మరో చోట సులువుగా దొరకదు.

ఆన్‌లైన్ వేలాల్లో కొనేవారు పళ్ళెం ముఖం కంటే ముందు వెనుక భాగపు ఫొటో, అడుగుచుట్టును దగ్గరగా తీసిన ఫొటో, ఏదైనా పెచ్చు ఊడిన చోటు ఫొటో అడగాలి. ఇంటికి చేరాక దాన్ని నీళ్లలో నానబెట్టకూడదు. పెచ్చుల నుంచి, నెర్రెల నుంచి ముద్ద నీటిని పీల్చుకుంటుంది, ఆరేటప్పుడు లోపలి ఉప్పు పైకి తన్ని పూతను పెచ్చులుగా ఊడదీస్తుంది. కొద్దిగా తడిపిన దూదితో తుడిస్తే సరిపోతుంది. పాత పూతల్లో సీసం ఉండవచ్చు గనుక తిండికి వాడరాదు. గోడకు తగిలించేటప్పుడు అంచును నొక్కే స్ప్రింగు కొక్కేలు వద్దు. కుబాచీ పళ్ళెమైతే అడుగుచుట్టులో రంధ్రాలు ఎలాగూ ఉన్నాయి, గట్టి నూలు తాడు చాలు.